ఉరుము ఆగాక ముప్పై నిమిషాలు

కచేరీకి మూడు రోజుల ముందు నుంచీ ఫోన్లో వాతావరణ సూచన తప్ప ఇంకేమీ చూడలేదు నేను. శనివారం సాయంత్రం గడుల్లో మబ్బు బొమ్మ, దాని కింద మెరుపు గీత. పొద్దున చూస్తే అరవై శాతం, మధ్యాహ్నానికి నలభై, రాత్రికి మళ్లీ డెబ్భై. పదిహేనేళ్లుగా హెడ్‌ఫోన్స్‌లో మాత్రమే విన్న బ్యాండ్ అది. టికెట్లు నాలుగు నెలల ముందే తీసుకున్నాం. టికెట్ కింద చిన్న అక్షరాల్లో 'వాన వచ్చినా కార్యక్రమం జరుగును' అని ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ధైర్యంగా ఉన్నాను.

మా తమ్ముడికి అంత ధైర్యం లేదు. వాడు సౌండ్ పనిలో ఉన్నాడు. ఆరుబయట స్టేజీలకి స్పీకర్లు వేలాడదీయడం, కేబుళ్లు లాగడం, స్పీకర్లలో వచ్చే ధ్వని హెచ్చుతగ్గులు సరిచేసే మిక్సర్ దగ్గర గంటలకొద్దీ నిలబడటం వాడికి రోజూ ఉండేదే. "వానదేముందక్కా, తడిస్తే ఆరతాం. గాలెంతుందో చూడు ముందు" అన్నాడు. వాన శాతానికి కిందే గాలి వేగం ఉంటుందని, దాని పక్కన ఉన్నట్టుండి విసిరే గాలుల వేగం వేరేగా ఇస్తారని అప్పటిదాకా నేను గమనించనే లేదు.

బురదలో రాక్ కచేరీ అంటే నాకు ముందు నుంచీ ఒక మోజు. 1969 ఆగస్టులో అమెరికాలో జరిగిన ఉడ్‌స్టాక్ సంగీతోత్సవం ఫొటోలు చూసి పెంచుకున్న మోజు. ఒళ్లంతా బురద పూసుకుని నవ్వుతున్న కుర్రాళ్లు, దుప్పటి కప్పుకుని ఒకరినొకరు పట్టుకున్న జంటలు. ఆ ఆదివారం జో కాకర్ పాడి దిగాక గాలివాన విరుచుకుపడి గంటల తరబడి అంతా ఆగిపోయిందని, ఆదివారం రాత్రి ముగించాల్సిన జిమీ హెండ్రిక్స్ సోమవారం పొద్దున గిటార్ పట్టుకున్నాడని, అప్పటికి జనంలో చాలామంది వెళ్లిపోయారని నాకు తెలుసు. అయినా మనసులో నిలిచింది మాత్రం ఆ నవ్వులే.

సంచి తమ్ముడే సర్దాడు. గొడుగు తీసి పక్కన పెట్టాడు. గుంపులో గొడుగు విప్పితే వెనకున్న పదిమందికి స్టేజీ కనపడదు, చువ్వ ఎవరి కంట్లో పొడుచుకుంటుందో తెలియదు, చాలాచోట్ల గేటు దగ్గరే తీసేసుకుంటారు కూడా. గొడుగు బదులు టోపీ ఉన్న రెయిన్‌కోట్లు పెట్టాడు. నేను వేసుకున్న కాటన్ టీషర్టు చూసి మార్చుకోమన్నాడు. నూలు బట్ట నీళ్లు పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది, ఆ తడి ఆరేకొద్దీ ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. బ్యాండ్ బొమ్మున్న ఆ టీషర్టు విప్పడం నాకు ఇష్టం లేదు. పైన ఇంకోటి వేసుకుంటానని బేరమాడితే కుదరదన్నాడు. చివరికి దాన్ని మడిచి, ఒక జత పొడి మేజోళ్లతో కలిపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేశాం. ఆ కవర్ ఆ రాత్రి ఎవరికి పనికొస్తుందో అప్పుడు తెలియదు.

మైదానంలోకి అడుగు పెట్టేసరికి సాయంత్రం నాలుగున్నర. ముందు రోజు రాత్రే ఒక వాన కురిసి పోయినట్టుంది, గడ్డి కింద నేల మెత్తగా దిగుతోంది. గేటు నుంచి స్టేజీ దాకా నడిచే దారిలో ఎక్కడా ఎండుగడ్డి పరచలేదు, రేకులు వేయలేదు. తమ్ముడు బూటుతో రెండు సార్లు నేల నొక్కి చూసి "చీకటి పడేసరికి ఇది చెరువవుద్ది" అన్నాడు. బయటికి పోయే దారులు ఎక్కడెక్కడున్నాయో లోపలికి వచ్చిన నిమిషంలోనే చూసి పెట్టుకున్నాడు. నేను స్టేజీ చూస్తున్నాను.

అంత పెద్ద స్టేజీని దగ్గరగా చూడటం అదే మొదటిసారి. రెండు పక్కలా అరటి గెలల్లా వంపు తిరిగి వేలాడుతున్న స్పీకర్ల వరసలు, వెనక నల్లటి గుడ్డ తెర, పైన ఇనప చట్రం మీద కప్పు. ఆ కప్పు మూల మీద ఒక చిన్న కడ్డీ, దానికి మూడు చిన్న గిన్నెలు, గాలికి తిరుగుతున్నాయి. "అదేంట్రా?" అంటే, "ఈ రాత్రికి హీరో అదే అక్కా" అన్నాడు. గాలి వేగం కొలిచే మీటర్. ఆ అంకె మిక్సర్ టెంట్‌లో ఒక తెర మీద కనపడుతూ ఉంటుంది, దాన్ని చూడటానికే ఒక మనిషిని పెడతారు. ఫలానా వేగం దాటితే పక్క తెరలు, వెనక గుడ్డ దించాలి, ఇంకా పెరిగితే స్పీకర్లు కిందికి దించాలి, ఆపైన అందరినీ పంపేయాలి. ఏ స్టేజీకి ఆ హద్దులు ఎంతో దాన్ని కట్టిన ఇంజనీర్లు ముందే రాసిస్తారు. వెనక గుడ్డ ఎందుకు దించాలని అడిగాను. గాలికి అడ్డంగా కట్టిన గుడ్డ ఓడ తెరచాప లాంటిదట, మొత్తం స్టేజీనే లాగేస్తుందట. అందుకే వాటిని టక్కున ఊడిపోయేలా కడతారు.

మొదటి బ్యాండ్ ఎండలోనే వాయించింది. రెండో బ్యాండ్ మధ్యలో తుంపర మొదలైంది. అప్పుడే ఒక విచిత్రం గమనించాను. పాట దగ్గరికొచ్చి దూరం పోతోంది. గొంతు ఒక క్షణం చెవిలో పాడుతున్నట్టు ఉంటుంది, మరుక్షణం ఎవరో తలుపేసినట్టు మందగిస్తుంది. గిటార్ మోతయితే సుయ్యిమని ఈడ్చుకుపోతోంది. స్పీకర్ పాడైందేమో అనుకున్నాను. గాలి పని అది. ధ్వని గాలిలోనే కదా ప్రయాణించేది, గాలి నేల దగ్గర ఒక వేగంతో, పైన ఇంకో వేగంతో వీస్తుంటే ఆ ధ్వని వంగిపోతుంది. మనం గాలివాటున ఉంటే కిందికి వంగి మన మీదికొస్తుంది, ఎదురుగాలైతే తల మీదుగా లేచిపోతుంది. విసురు గాలిలో క్షణానికో రకం. తమ్ముడు నన్ను లాక్కెళ్లి మిక్సర్ టెంట్‌కి కాస్త ముందు, సరిగ్గా మధ్యలో నిలబెట్టాడు. అక్కడ తేడా తెలిసింది. వెనక నిలబడి 'సౌండ్ బాగాలేదు' అని తిట్టుకునే వాళ్లందరికీ ఈ సంగతి చెప్పాలనిపించింది.

మా బ్యాండ్ స్టేజీ ఎక్కేసరికి వాన జోరందుకుంది. లైట్లు పడ్డాక చినుకులు వెండి గీతల్లా కనిపించాయి. మొదటి పాట మొదటి దెబ్బకి డ్రమ్స్ పక్కన తాళం పళ్లెం మీద నిలిచిన నీళ్లు ఒక్కసారిగా పైకి చిమ్మాయి. లైటు వెనక నుంచి కొడుతోంది. కొట్టిన ప్రతిసారీ నీటి ముత్యాలు విసనకర్రలా విచ్చుకుని పడుతున్నాయి. పదిహేనేళ్లు కళ్లు మూసుకుని విన్న పాట అది. ఇప్పుడు కళ్లు తుడుచుకుంటూ, రెప్ప వేయకుండా చూస్తున్నాను. నా చుట్టూ అంతమంది, అందరికీ ప్రతి మాటా నోటికి వచ్చు. గొంతు పూడుకుపోయింది నాకు.

పాటకీ పాటకీ మధ్య ఇద్దరు మనుషులు నల్లబట్టల్లో వంగి వచ్చి, పొడవాటి వైపర్లతో స్టేజీ మీద నీళ్లు ముందుకి తోసేవారు. ఇంకొకాయన గిటార్ మార్చి ఇస్తున్నాడు. చలికి ఉక్కు తీగలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది, వేడి లైట్ల కిందకి వస్తే మళ్లీ జారుతుంది. ఆయన వెనక నిలబడి ఒక్కో గిటార్ని శ్రుతి చేసి, తుడిచి, పరిగెత్తుకొచ్చి అందిస్తున్నాడు. నేలమీది స్పీకర్లకి పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పారు. అంత వానలోనూ ఒక్క పాటా శ్రుతి తప్పలేదంటే, అది వీళ్ల చలవే.

మూడో పాటలో మా ముందున్న కుర్రాడు ఎగురుతూ జారి వెల్లకిలా పడ్డాడు. నా గుండె ఆగినంత పనైంది, వెనక నుంచి తోపు మామూలుగా లేదు. వాడి వీపు నేలని తాకిందో లేదో, నాలుగు వైపుల నుంచి చేతులొచ్చాయి. ఇద్దరు చంకల కింద పట్టుకుని లేపారు, ఇద్దరు వెనక్కి తిరిగి చేతులు చాపి జనాన్ని ఆపారు. ఒకమ్మాయి బురదలో తడిమి వాడి బూటు తీసిచ్చింది. పడ్డవాణ్ని లేపడం రాక్ కచేరీల్లో అందరికీ తెలిసిన నియమం. చదివి తెలుసుకున్నదాన్ని కళ్లారా చూశాను. వాడు బూటు చేత్తో పట్టుకునే మిగతా పాట పాడాడు.

ఐదో పాట అయ్యేసరికి దూరంగా మెరిసింది. జనం 'హో' అని అరిచారు, అదీ లైటింగ్‌లో భాగమే అన్నట్టు. తమ్ముడు అరవలేదు. పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ఇరవై నాలుగు దగ్గర ఉరుము వినపడింది, బేస్ గిటార్ మోత కింద నుంచి. "ఎనిమిది కిలోమీటర్లు" అన్నాడు నా చెవిలో. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ ఉంటే ఆరుబయట ఉండకూడదు. నేను స్టేజీ కప్పు వైపు చూశాను. మూడు గిన్నెలు విడివిడిగా కనపడటం మానేసి గుండ్రటి మసకలా తిరుగుతున్నాయి.

ఆరో పాట మొదటి చరణంలో లైట్లన్నీ ఒక్కసారి తెల్లగా వెలిగాయి. గాయకుడు పాట ఆపేశాడు. రెయిన్‌కోట్ వేసుకున్న ఒక స్త్రీ మైకు దగ్గరికి వచ్చి, పిడుగులు పడే ప్రమాదం ఉంది, అందరూ కార్లలోకి, బస్సుల్లోకి, పక్కనున్న పక్కా భవనంలోకి వెళ్లండి, టెంట్ల కింద, చెట్ల కింద నిలబడొద్దు అని చెప్పింది. రెండుసార్లు చెప్పింది, తొణక్కుండా.

జనం గోల చేశారు. నేనూ అరిచాను, ఒప్పుకుంటాను. ఇన్ని నెలలు ఎదురుచూసింది ఈ పాట కోసమే. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకుని "నడువక్కా" అన్నాడు. అంత కటువుగా వాడు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ నడక మాత్రం మర్చిపోలేను. ఆపాలన్న నిర్ణయం సరైనదే, కానీ పంపించే ఏర్పాటు సరిగా లేదు. అన్ని వేలమందికి తెరిచిన దారులు రెండే, మూడోదాని దగ్గర లైటు లేదు, తాళం తీసే మనిషి లేడు. సాయంత్రం చూసిన మెత్తటి నేల ఇప్పుడు చీలమండ దాకా దిగిపోతోంది. కాలు లాగితే చప్పున పీల్చుకుని బూటుని వదలదు. అడుగు తర్వాత అడుగు ఎత్తి పెట్టాల్సి వచ్చింది. ఇనప కంచెని పట్టుకుని నడుస్తున్న నన్ను తమ్ముడు కసిరాడు, పిడుగు దూరంగా కంచె మీద పడినా ఇనుము వెంట పాకి వస్తుంది. రబ్బరు బూట్లున్నాయి కదా అన్నాను. కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చేదాన్ని అంగుళం రబ్బరు ఏమాపుతుందన్నాడు.

కార్లో కూర్చుని అద్దాలు ఎక్కించాం. చుట్టూ ఉన్న ఇనప డొక్కు మీదుగా కరెంటు నేలలోకి దిగిపోతుంది కాబట్టి కారు నయం, లోపలి ఇనుము ముట్టుకోకపోతే చాలు. ఆ చీకట్లో, కప్పు మీద కంకర పోసినట్టు వాన పడుతుంటే, వాడు నాకు 2011 ఆగస్టు సంగతి చెప్పాడు. అమెరికాలో ఇండియానా రాష్ట్ర సంతలో షుగర్‌ల్యాండ్ అనే బృందం కచేరీ మొదలవ్వబోతోంది. వాన ఇంకా రాలేదు. తుపాను మబ్బు కంటే ముందుగా దూసుకొచ్చిన గాలి స్టేజీ కప్పుని ఎదురుగా ఉన్న జనం మీద పడేసింది. ఏడుగురు చనిపోయారు. ఐదు రోజులకి బెల్జియంలో పుకెల్‌పాప్ అనే రాక్ ఉత్సవంలో గాలివాన టెంట్లని, చెట్లని కూల్చింది, ఐదుగురు పోయారు. "మా పనిలో ఉన్నవాళ్లం ఆ రెండింటినీ మర్చిపోమక్కా. ఆ మైకు దగ్గరికొచ్చినావిడ కూడా మర్చిపోయి ఉండదు" అన్నాడు. 2016లో జర్మనీలో రాక్ ఆమ్ రింగ్ ఉత్సవం మీద పిడుగుపడి డజన్లకొద్దీ జనం గాయపడ్డ సంగతీ చెప్పాడు. అరిచిన గొంతు ఇంకా మండుతోంది నాకు. సిగ్గేసింది.

చివరి ఉరుము వినపడ్డ దగ్గర నుంచి ముప్పై నిమిషాలు ఆగాకే బయటికి రావాలని లెక్క. మధ్యలో ఒక్క ఉరుము వినపడినా మళ్లీ మొదటి నుంచి. తమ్ముడు ఫోన్లో టైమర్ పెట్టాడు. ఇరవై రెండో నిమిషంలో ఉరిమింది. వాడు మారు మాట్లాడకుండా టైమర్ మళ్లీ సున్నాకి తెచ్చాడు. చుట్టూ కార్లు ఒక్కొక్కటే స్టార్టవుతున్నాయి, వెళ్లిపోతున్నారు. చక్రాలు బురదలో గిరగిరా తిరుగుతూ చిమ్మిన చప్పుడు. మనమూ పోదామా అని అడిగితే, "ఆపినవాళ్లు మళ్లీ మొదలెట్టడానికే చూస్తారక్కా. ఆ స్టేజీ మీద వాళ్లు ఇప్పుడు ఖాళీగా కూర్చుని ఉండరు" అన్నాడు. ఆ మాట నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ రాత్రి మొత్తంలో నేను చేసిన మంచి పని అదే.

పక్క కారు దగ్గర ఒకమ్మాయి తాళం తిప్పలేక నిలబడి ఉంది. వచ్చిన స్నేహితులు తప్పిపోయారట. వేళ్లు వంగట్లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఒంటిమీద సరిగ్గా నేను వేసుకుందామనుకున్నలాంటి కాటన్ టీషర్టు, పిండితే చెంబుడు నీళ్లొస్తాయి. మా కార్లోకి రమ్మని, హీటర్ పెట్టి, ఆ ప్లాస్టిక్ కవర్ ముడి విప్పాను. తమ్ముడు మొహం తిప్పుకుని కిటికీలోంచి చూస్తుంటే నా పొడి టీషర్టు, మేజోళ్లు వేసుకుంది. ఫ్లాస్కులో వేడినీళ్లు గుక్క గుక్కగా తాగింది. పావుగంటకి మాట మామూలైంది. "అక్కా, మీదీ ఇదే బ్యాండా?" అని టీషర్టు మీది బొమ్మ చూసుకుని నవ్వింది. తర్వాత తన వాళ్ల ఫోన్ కలిస్తే, ప్రథమ చికిత్స టెంట్ దగ్గర అప్పజెప్పి వచ్చాం. అక్కడ మెరిసే రేకు దుప్పట్లు చుట్టుకుని ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. ఉడ్‌స్టాక్ ఫొటోల్లోని దుప్పట్లు గుర్తొచ్చాయి. వాళ్లకీ ఇంతే చలేసి ఉంటుంది, నేనే చూసుకోలేదు.

ఆపిన గంటా పది నిమిషాలకి లైట్లు వెలిగాయి. మేం పరిగెత్తలేదు, ఆ నేల మీద పరిగెత్తడం కుదరదు. జనం సగానికి సగం తగ్గిపోయారు. స్టేజీ వెనక నల్ల తెర లేదు, పక్క తెరలు లేవు. గాలి పోవడానికి ఊడదీసేశారు. వెనకున్న చీకటి, అందులో తడిసిన చెట్లు కనిపిస్తున్నాయి. స్పీకర్ల వరసలు ముందున్నంత ఎత్తులో లేవు, కాస్త దించి కట్టారు. ఆ గంటా పది నిమిషాల్లో ఆ నల్లబట్టల మనుషులు ఎంత పని చేశారో తమ్ముడు వేలు పెట్టి చూపిస్తూ పోయాడు. ప్రతి కేబుల్ జాయింటు తుడిచి, ప్లాస్టిక్ చుట్టి, నేల మీద నుంచి ఎత్తి పెట్టారు. కరెంటు మళ్లీ ఇచ్చే ముందు ఒక్కొక్క లైనూ విడిగా పరీక్షించి ఉంటారన్నాడు.

మైదానానికి అనుమతి రాత్రి పదకొండు వరకే. మిగిలింది నలభై నిమిషాలు. గాయకుడు మాటలు పెట్టుకోలేదు. ఆగిన పాటని ఆగిన చరణం నుంచే ఎత్తుకున్నాడు.

వాన పూర్తిగా వెలిసింది. గాలి పడిపోయింది. సాయంత్రం అటూ ఇటూ ఊగిన ధ్వని ఇప్పుడు వచ్చి ఎదురుగా నిలబడింది. బేస్ గిటార్ ఒక్కో స్వరం మొదలు, చివర విడివిడిగా వినపడుతోంది. డ్రమ్ము దెబ్బ రొమ్ములో తగిలి, నేలలో దిగుతోంది. గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. వాన చప్పుడు లేదు, గోల లేదు, ఉండిపోయిన వాళ్లెవరూ మాట్లాడుకోవట్లేదు. హెడ్‌ఫోన్స్‌లో పదిహేనేళ్లు విన్నా ఆ పాటలో రెండో గిటార్ ఉందని నాకు తెలియదు. ఆ రాత్రి విన్నాను.

ఏడు పాటలు వాయించారు. చివరి పాటకి ముందు గాయకుడు మైకు దగ్గర నుంచి తప్పుకుని, వైపర్ పట్టుకున్న ఇద్దరి వైపు, మిక్సర్ టెంట్ వైపు చెయ్యి చూపించి తను చప్పట్లు కొట్టాడు. గోల చేసిన మేమందరం కొట్టాం. తమ్ముడు కొట్టలేదు, చేతులు జేబులో పెట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. వాడి భుజం మీద చెయ్యి వేస్తే, రెయిన్‌కోటు కింద వణుకుతున్నాడు. అంతసేపూ వాడికీ చలేస్తోందని నాకు తట్టనే లేదు.

తిరిగి వెళ్లేటప్పుడు కారు బురదలో దిగబడింది. ఎవరో తెలియని ఆరుగురు వచ్చి తోశారు, చక్రాల కింద కార్లో కాళ్ల దగ్గర పరిచే పట్టాలు వేస్తే మూడో ప్రయత్నానికి కదిలింది. కారు బయటపడ్డాక వెనక్కి తిరిగి చూశాను. స్టేజీ మీద తెల్లలైటు ఒక్కటే ఉంది. మనుషులు నెమ్మదిగా కేబుళ్లు చుడుతున్నారు. కప్పు మూల మీద గిన్నెలు మూడూ విడివిడిగా కనపడుతున్నాయి, తిరగడం దాదాపు ఆపేసి.